ఒకే రాశి వేరుశనగకు రెండు ప్రయోగశాలలు రెండు రకాల ఆఫ్లటాక్సిన్ అంకెలు ఇచ్చాయి: ఎవరిని నమ్మాలి?

కదిరి గానుగ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. కదిరికి దగ్గరలో మాకు మోటారుతో తిరిగే ఒక చిన్న చెక్క గానుగ ఉంది. ఈ ఏడాది ఖరీఫ్ పంటలోంచి ఒక వ్యాపారి దగ్గర 20 క్వింటాళ్ల వేరుశనగ గింజలు కొని గోడౌనులో పెట్టాను. హైదరాబాదులో మా నూనె అమ్మే దుకాణం వారు ఆఫ్లటాక్సిన్ (గింజల్లో బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష నివేదిక చూపిస్తేనే సరుకు దించుకుంటామన్నారు. అందుకని ఒక బస్తా మూతి విప్పి, నా చేత్తోనే రెండు అరకిలో పొట్లాలు కట్టి, రెండు ప్రయోగశాలలకు పంపించాను. మొదటివారు “గుర్తించదగిన స్థాయిలో లేదు” అని రాశారు. రెండోవారు కిలోకు 38 మైక్రోగ్రాములు ఉందని రాశారు.

వ్యాపారి రెండో ప్రయోగశాలకు పని రాదంటున్నాడు. దుకాణం వారేమో మొదటి నివేదికను నేను డబ్బిచ్చి రాయించుకున్నానేమో అన్నట్టు మాట్లాడుతున్నారు. ఒకే బస్తా, ఒకే రోజు, ఒకే చేయి. అయినా ఇంత తేడా ఎలా వస్తుందో నాకు అర్థం కావడం లేదు. గింజలో విషం ఉంటే అది నూనెలోకి ఎంతవరకు దిగుతుంది, వేయిస్తే పోతుందా, మా దగ్గర వేరుశనగ చెక్క కొనుక్కుపోయే పాడి రైతులకు నేను ఏం చెప్పాలి అన్నవి కూడా తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

పరీక్షల బల్ల

రెండు ప్రయోగశాలలూ నిజమే చెప్పి ఉండవచ్చు. చాలా ఏళ్లుగా ఆహార పరీక్షల పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఈ గొడవ మా బల్ల దగ్గరికి ప్రతి సీజనులోనూ వస్తుంది. తప్పు ఎక్కువసార్లు యంత్రంలో కాక పొట్లంలో ఉంటుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మనవాళ్లు అంటారు. అది అన్నానికి సరిపోతుంది, ఎందుకంటే గిన్నెలో అన్ని మెతుకులూ ఒకే నీళ్లలో ఉడుకుతాయి. ఆఫ్లటాక్సిన్ అలాంటిది కాదు, బియ్యంలో రాయి లాంటిది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు వేలాది గింజల్లో ఏ ఒక్కదాన్నో పట్టుకుని అందులోనే విషాన్ని కూడబెడతాయి. దాని పక్కన ఉన్న గింజ నిక్షేపంగా ఉంటుంది.

మీ అంకెలతోనే లెక్క చూద్దాం. కిలోకు 38 మైక్రోగ్రాములంటే మీ అరకిలో పొట్లం మొత్తంలో ఉన్న విషం 19 మైక్రోగ్రాములు. ఒక గింజ బరువు సుమారు 0.4 గ్రాములనుకుంటే ఆ పొట్లంలో 1,250 గింజలు ఉంటాయి. ఆ 19 మైక్రోగ్రాములూ ఒకే గింజలో ఉండి, మిగిలిన 1,249 గింజలు పూర్తిగా శుభ్రంగా ఉన్నా నివేదికలో వచ్చేది 38 అనే అంకె మాత్రమే. ఆ ఒక్క గింజలో అంత ఉండగలదా అని మీకు సందేహం రావచ్చు. దాన్ని కిలో లెక్కకు మారిస్తే 47,500 మైక్రోగ్రాములు అవుతుంది. 1960లలోనే అమెరికాలో గింజ గింజనూ విడివిడిగా పరీక్షించినప్పుడు కిలో లెక్కన పది లక్షల మైక్రోగ్రాములు దాటిన గింజలు దొరికాయి. కాబట్టి మీ గింజ వింతదేమీ కాదు.

ఇప్పుడు అలాంటి గింజలు రాశిలో కిలోకు ఒకటి చొప్పున కలిసి ఉన్నాయనుకోండి. రాశి సగటు కిలోకు 19 అవుతుంది. మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. తదుపరి ప్రాసెసింగుకు వెళ్లే గింజలకు పెట్టిన పరిమితి 15, నేరుగా తినే గింజలకు 10. అంటే ఆ రాశి పరిమితి దాటినట్టే లెక్క. అయినా ఆ రాశిలోంచి పది అరకిలో పొట్లాలు కడితే వాటిలో ఆరింట్లో ఒక్క విషపు గింజ కూడా పడదు, ఆ ఆరింటికీ “లేదు” అనే నివేదికే వస్తుంది. మీకు జరిగింది అచ్చంగా ఇదే అయి ఉండవచ్చు. “ఉంది” అన్న నివేదిక శూన్యంలోంచి పుట్టదు కాబట్టి దానికి బరువు ఎక్కువ. “లేదు” అన్న నివేదిక మాత్రం చిన్న పొట్లం వల్ల కూడా పుడుతుంది. అందుచేత నా మాట వింటే మీరు రెండో నివేదికనే నమ్మండి. రెండింటినీ కలిపి సగం చేసి సరిపెట్టుకోవద్దు.

అమెరికాలో థామస్ విటేకర్ అనే పరిశోధకుడు 1970ల నుంచి దశాబ్దాల పాటు ఈ ఒక్క సంగతి మీదే పనిచేశారు. నమూనా తీయడంలో వచ్చే తేడా, గింజలను పిండి చేసి అందులోంచి కొంత తీయడంలో వచ్చే తేడా, యంత్రం కొలవడంలో వచ్చే తేడా అని పొరపాటును మూడు ముక్కలుగా విడదీస్తే, వేరుశనగలో సింహభాగం మొదటి ముక్కదేనని అలాంటి పనివల్లే తేలింది. అందుకే కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో వేరుశనగ నమూనా 20 కిలోలు. రాశిలో నూరు చోట్ల నుంచి, బస్తా పైనా మధ్యనా అడుగునా, చోటుకు 200 గ్రాముల చొప్పున తీసి, ఆ 20 కిలోలనూ మొత్తంగా మెత్తగా ఆడించి కలిపిన తర్వాతే పరీక్షకు కొంత పిండి తీయాలి. 20 కిలోలు మొత్తం ఆడిస్తామని చెప్పే ప్రయోగశాలకే ఇవ్వండి. గుప్పెడు తీసి మిగతాది తిరిగి పంపించేవారికి ఇస్తే మళ్లీ మొదటికే వస్తారు.

పాతకాలపు నూనె

ఈ లెక్కలన్నీ విన్నాక నాకు ఒక మాట అడగాలనిపిస్తోంది. మా తాత, ముత్తాత ఎద్దు గానుగ నూనె తిని ఎనభై ఏళ్లు బతికారు. వారికి మైక్రోగ్రామంటే ఏమిటో తెలియదు. సరిహద్దులు దాటే సరుకుకు విదేశాలవారు పెట్టుకున్న అంకెలను తెచ్చి, పల్లెలో బతుకుతున్న చిన్న గానుగల మెడకు చుట్టడం, పెద్ద రిఫైండు నూనె కంపెనీలకు దారి సుగమం చేయడం కాదా? ఈ విషం వల్ల మన దేశంలో నిజంగా ఎవరైనా చనిపోయినట్టు రుజువుందా?

పరీక్షల బల్ల

రుజువు ఉంది. దాన్ని సేకరించినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే ముఖ్యులు. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో రెండు వందలకు పైగా పల్లెల్లో మనుషులకు పచ్చకామెర్లు వచ్చి, కొద్ది రోజుల్లోనే పొట్టలో నీరు చేరి చనిపోవడం మొదలైంది. అంటువ్యాధి అనుకోవడానికి వీలులేని ఒక సంగతి అక్కడ కనిపించింది: ఆ ఇళ్లలో తిండి పంచుకున్న కుక్కలకు కూడా అదే జబ్బు వచ్చింది. కోతల సమయంలో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే ఆ పేద ఇళ్లలో రోజూ తిండి. కృష్ణమాచారి, రమేశ్ భట్, వారి సహచరులు 1975లో ప్రచురించిన పరిశోధన ప్రకారం బాధితులు నెల రోజుల పాటు రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల ఆఫ్లటాక్సిన్ తిని ఉంటారు. జబ్బుపడిన 397 మందిలో 106 మంది చనిపోయారు. 2004లో కెన్యాలోనూ మొక్కజొన్న వల్లే ఇలాంటిదే జరిగి 317 మంది జబ్బుపడితే 125 మంది మరణించారు.

ఇది చెప్పి ప్రశ్న అడిగిన గానుగ యజమానిని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన రాశిలోంచి రోజుకు 50 గ్రాముల గింజలు తిన్నా లోపలికి వెళ్లేది సుమారు 2 మైక్రోగ్రాములు, అంటే బాన్స్‌వాడాలో తిన్నదానిలో వెయ్యో వంతు. ఆ మోతాదుకు ఎవరూ వారంలో పడిపోరు. అక్కడే మన తాతల సాక్ష్యం పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే తక్కువ మోతాదు చేసే హాని కాలేయ క్యాన్సర్ రూపంలో ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పుడు దాన్ని ఏ పూట తిన్న ఏ గింజకూ ఎవరూ ముడిపెట్టలేరు. కాలేయంలోని ఎంజైములు ఈ విషాన్ని విరగ్గొట్టబోయి ఇంకా చురుకైన రూపంలోకి మారుస్తాయి, అది డి.ఎన్.ఏ.కు అతుక్కుని, కణాన్ని అదుపులో ఉంచే పి53 జన్యువులో 249వ స్థానంలో ఒక ప్రత్యేకమైన మార్పు తెస్తుంది. 1991లో ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలోనూ, చైనాలోని చీతుంగ్‌లోనూ రోగుల కణితుల్లో అదే మార్పు పదేపదే కనిపించింది. వేలిముద్ర దొరికినట్టన్న మాట.

షాంఘైలో 18,000 మందికి పైగా పురుషుల మూత్ర నమూనాలు ముందే దాచి, తర్వాత వారిలో ఎవరికి కాలేయ క్యాన్సర్ వచ్చిందో చూసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. మూత్రంలో ఆఫ్లటాక్సిన్ ఆనవాళ్లు మాత్రమే ఉన్నవారికి ముప్పు మామూలుకన్నా సుమారు 3 రెట్లు, హెపటైటిస్-బి మాత్రమే ఉన్నవారికి సుమారు 7 రెట్లు, రెండూ ఉన్నవారికి దాదాపు 59 రెట్లు. ఈ మూడో అంకె చూశాక నేను మా ఇంట్లో అందరికీ హెపటైటిస్-బి టీకా వేయించాను; వేరుశనగ తినడం మాత్రం మానలేదు.

రిఫైండు నూనె సంగతికి వస్తే, ఇది గానుగ నూనె అభిమానులకు నచ్చని మాటే అయినా చెప్పక తప్పదు. రిఫైనరీలో క్షారంతో కడగడం, మట్టితో రంగు తీయడం అనే దశల్లో ఆఫ్లటాక్సిన్ దాదాపు పూర్తిగా పోతుంది, గానుగలో ఆ దశలు లేవు. అయితే ఈ విషానికి నూనె కన్నా పిండి అంటేనే ఇష్టం. ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి వచ్చేదానిలో చాలావరకు సన్నని పిండి నలుసులను పట్టుకుని వస్తుంది. కాబట్టి నూనెను తేర్చి, మడ్డి పూర్తిగా దిగాక గట్టి వస్త్రంలో వడగట్టడం వల్ల కొంత మేలు ఉంటుంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సి.ఎఫ్.టి.ఆర్.ఐ. వారు 1970లలో వేరుశనగ నూనెను ఎండలో పెడితే ఆఫ్లటాక్సిన్ నశిస్తుందని చూపించారు, కానీ ఎండ తగిలిన నూనె త్వరగా ముక్కిపోతుంది కనుక అమ్మే నూనెకు దాన్ని నేను సూచించను. వేయించడం మీద ఆశ పెట్టుకోవద్దు: బూజు చస్తుంది, విషం కొంత తగ్గుతుంది, మిగతాది ఉండిపోతుంది. ఈ విషంలో ముఖ్య రకమైన ఆఫ్లటాక్సిన్ బి1 విచ్ఛిన్నం కావడానికి సుమారు 268 డిగ్రీలు కావాలి, మన మూకుడులో గింజ అంతవరకు వెళితే తినడానికి బొగ్గే మిగులుతుంది.

ఎర్రనేల విశ్రాంతి

అనంతపురం జిల్లాలో వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అందరూ బూజు అనగానే గోడౌను వైపు చూస్తారు గానీ మన ప్రాంతంలో వ్యవహారం చాలాసార్లు చేనులోనే ముగిసిపోతుంది. కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాల్లో బెట్ట తగిలి, కాయల చుట్టూ నేల 28 నుంచి 30 డిగ్రీల దగ్గర నిలబడితే బూజుకు పండుగ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో డాసన్ అనే ఊళ్లో ఉన్న జాతీయ వేరుశనగ పరిశోధనాలయం వారు నేల వేడిమినీ తేమనూ తమ చేతిలో పెట్టుకుని మళ్లలో పంట పెంచి ఈ సంగతి తేల్చారు. పచ్చి గింజ తనంతట తానే బూజును ఆపే రసాయనాలు తయారుచేసుకుంటుంది. బెట్టకు గింజలో నీరు తగ్గగానే ఆ శక్తి పోతుంది, బూజుకు మాత్రం ఆ కొద్ది నీరు సరిపోతుంది. రాయలసీమలో వానాధారపు ఎర్రనేలల్లో సెప్టెంబరు వాన ముఖం చాటేసిన ఏడు నేను కాయలు చూసే పద్ధతే మారిపోయేది.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఈ పంట మీద చాలా పని జరిగింది. తట్టుకునే రకాల కోసం వెతికారు, చౌకగా ఎలైసా పద్ధతిలో పరీక్షించే ఏర్పాటు చేశారు, సున్నం, పశువుల ఎరువు, పంట చెత్త నేలకు వేస్తే ఆఫ్లటాక్సిన్ బాగా తగ్గుతుందని చేలల్లో చూపించారు. మనం ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని చెప్పేది కాయ నిండడానికే అయినా, కాల్షియం అందిన కాయ పెంకు గట్టిపడి బూజుకు దారి తగ్గుతుందన్న సంగతి రైతుకు విడమర్చి చెప్పినవారు తక్కువ.

ఇప్పుడు మీ వ్యాపారిని ఒక ప్రశ్న అడగండి. కాయలు మిషనులో ఒలిపించే ముందు నీళ్లు చల్లించాడా లేదా? ఎండిన కాయను అలాగే వేస్తే గింజ బద్దలై ధర పడిపోతుందని, గోతాలు పరిచి కాయల మీద బిందెలతో నీళ్లు చిలకరించి రాత్రంతా మగ్గబెట్టడం మన మండీల చుట్టూ మామూలే. తూకం కూడా కలిసివస్తుంది కాబట్టి ఎవరూ వద్దనరు. గింజలో తేమ 7 శాతం లోపు, కాయలో 9 శాతం లోపు ఉంటే నిల్వలో బూజు పెరగలేదు. ఆ ఒక్క రాత్రి దాన్ని రెట్టింపు చేయగలదు. రైతు కట్టె పీకి, కాయలు పైకి ఉండేలా తిరగదిప్పి ఆరబెట్టి, చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలలాడే దాకా ఓపిక పట్టినా, ఆ కష్టమంతా ఆ నీళ్లతో పోతుంది. వచ్చే ఏడాది నుంచి కాయలే కొని, మీ ఎదుటే పొడిగా ఒలిపించుకోండి. గానుగకు బద్ద అయితే ఏమిటి, నిండు గింజ అయితే ఏమిటి?

పాడి పద్దు

చెక్క గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. దయచేసి ఈ రాశి చెక్కను ఎవరికీ అమ్మవద్దు. నూనె పిండేశాక విషం బరువు తగ్గిన చెక్కలో మిగిలిపోతుంది కనుక కిలో లెక్కన గింజలో కన్నా చెక్కలోనే ఎక్కువ కనిపిస్తుంది. ఆవు తిన్న బి1లో ఒకటి నుంచి మూడు శాతం దాకా, పాలు ఎక్కువ ఇచ్చే పశువుల్లో ఇంకాస్త ఎక్కువ, ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. కాస్తే పోదు, తోడు పెట్టినా పోదు. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు, ఐరోపాలో అందులో పదో వంతు. 2018లో ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. దేశమంతటా సేకరించిన 6,432 పాల నమూనాల్లో 368, అంటే 5.7 శాతం, ఆ 0.5ను దాటాయి. పాలలో నీళ్లు కలిపారా, యూరియా కలిపారా అని చూసే మనకు ఆ సర్వేలో కల్తీ కన్నా దాణా ద్వారా వచ్చిన ఈ విషమే పెద్ద సమస్యగా కనిపించడం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఊరట ఏమిటంటే దాణా మార్చిన నాలుగైదు రోజుల్లోనే పాలలో ఇది దాదాపు పోతుంది. ఇప్పటికే కొంత అమ్మి ఉంటే ఆ రైతులకు ఫోను చేసి ఆపమని చెప్పండి, వాళ్లు కోప్పడినా సరే.

కదిరి గానుగ

అందరికీ కృతజ్ఞతలు. నీళ్లు చల్లిన మాట వ్యాపారి మొదట కాదన్నాడు, తర్వాత కొంచెమే అన్నాడు. చెక్క తీసుకున్న ఇద్దరు రైతులకు చెప్పాను; ఒకరు ఇంకా వాడలేదట, రెండోవారి దగ్గర మిగిలిన బస్తా వెనక్కి తెచ్చుకున్నాను.

నిన్న ఇద్దరు ఆడకూలీలను కూర్చోబెట్టి ఒక క్వింటాలు చేటల్లో పోసి ఏరించాను. ముడుచుకుపోయినవి, పొర చిట్లినవి, రంగు మారినవి కలిపి 6 కిలోలు తేలాయి. పైకి బాగానే ఉన్న ఒక పెద్ద గింజను ఎందుకో అనుమానం వచ్చి రెండు బద్దలుగా విప్పి చూస్తే, లోపల రెండు బద్దల మధ్య గుంటలో బూడిద కలిసిన పచ్చరంగు నూగు కనిపించింది. పై పొర మీద మచ్చ కూడా లేదు. అది చూశాక, ఏరడం వల్ల అంతా పోతుందన్న ధైర్యం నాకు కలగడం లేదు. రాశి మొత్తం ఏరించి, ఆ తర్వాత నూరు చోట్ల నుంచి 20 కిలోలు తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చే దాకా గానుగ తిప్పకూడదని నిర్ణయించుకున్నాను.

ఇంకొక్క సందేహం. ఏరగా వచ్చిన ఈ తాలు గింజలను మా పెరట్లో కోళ్లకు వేయమని ఇంట్లో అంటున్నారు. కోళ్లు ఏదైనా అరిగించుకుంటాయి కదా అని వారి వాదన. వేయవచ్చా?

పరీక్షల బల్ల

వేయవద్దు. ఈ విషానికి పేరు పెట్టవలసిన అవసరం వచ్చిందే పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడి పిల్లలు కొద్ది నెలల్లో చనిపోయాయి. కారణం తెలియక దానికి “టర్కీ ఎక్స్ వ్యాధి” అని పేరు పెట్టుకున్నారు. చివరికి దారి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దాణా దగ్గరికి తీసుకెళ్లింది, అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ దొరికింది, ఆ రెండు మాటల మొదటి అక్షరాలను టాక్సిన్‌కు అతికించి ఆఫ్లటాక్సిన్ అన్నారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసినదానికి బి అని, ఆకుపచ్చగా మెరిసినదానికి జి అని పేర్లు కూడా అప్పుడు పడ్డవే. యంత్రాలు రాకముందు ఒక రోజు వయసున్న బాతు పిల్లలకు తినిపించి ఈ విషాన్ని పరీక్షించేవారు, అవి అంత సున్నితం. నాటుకోడి టర్కీ కన్నా, బాతు కన్నా కొంత తట్టుకుంటుంది, నిజమే. కానీ మీరు వేయబోయేది మామూలు దాణా కాదు, ఒక క్వింటాలులోని విషంలో ఎక్కువ భాగాన్ని ఆరు కిలోలకు కుదించిన సరుకు.

మీరు విప్పి చూసిన ఆ గింజ విషయంలో మీ అనుమానం సరైనదే. బద్దల మధ్య దాగిన బూజు చేటకు దొరకదు, కాబట్టి ఏరిన తర్వాత కూడా పరీక్ష తప్పదు. అయినా విషంలో ఎక్కువ భాగం ముడుత గింజల్లో, చిట్లిన గింజల్లో, రంగు మారిన గింజల్లో ఉంటుంది కాబట్టి ఏరింపు వృథా కాదు. అంకె బాగా దిగే అవకాశముంది. తాలును తడి తగలకుండా ఒక గోతంలో కట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వేరుశనగ పొట్టు తగలబెట్టే చోట వేసి పూర్తిగా కాల్చేయండి. ఏరిన ఆ ఇద్దరికీ కూడా పని చేస్తున్నంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పండి, ఆ దుమ్ము మంచిది కాదు.